తాళాల మామయ్యకు పూచీ ఎవరు?

చిరంజీవి బుజ్జికి,

మామయ్య ఆశీస్సులు. ఫోన్ చెయ్యకుండా ఎందుకు రాస్తున్నానంటే, ఆ యంత్రాలన్నీ నన్ను అనుమానిస్తున్నాయి. తాళాల షాపుకి వెబ్‌సైట్ పెట్టించానా, తెరిచిన ప్రతివాళ్ళకీ ‘సురక్షితం కాదు’ అని కనిపిస్తోందట. తాళాలు చేసేవాడికి ఇంతకంటే తలవంపులేముంటాయి? నిన్న ఒకాయన తలుపుకి తాళం బిగించమని పిలిచి, పని అయ్యేదాకా నా చేతులకేసే చూస్తూ కూర్చున్నాడు. నువ్వు కంప్యూటర్ల ఆఫీసులోనే ఉన్నావుగా, ఎవరితోనన్నా చెప్పి ఆ మాట తీయించు.

మామయ్య

తా.క. షాపు మూసి ఇంటికెళ్ళాక మళ్ళీ వచ్చి తాళం లాగి చూస్తున్నాను. నా మీద నాకే నమ్మకం పోయింది.

*

మామయ్యకు నమస్కారాలు.

కంగారు పడకు. నీ సైట్‌కి సర్టిఫికెట్ లేదు, అంతే. బ్రౌజరు ముక్కూమొహం తెలియనివాళ్ళని నమ్మదు. దానికి ముందే తెలిసిన పెద్దలు కొందరున్నారు, రూట్ సంస్థలంటారు. వాళ్ళు కింది సంస్థలకు పూచీ ఉంటారు, ఆ సంస్థలు నీ సైట్‌కి పూచీ ఉంటాయి. సైట్ నీదేనని తేలితే ఉచితంగానే ఇస్తారు. నీ సైట్ చేసినాయన్ని అడుగు, చిటికెలో పని.

బుజ్జి

తా.క. అమ్మకి చెప్పలేదు. తెలిస్తే నీ షాపు మూయించేస్తుంది.

*

చిరంజీవి బుజ్జికి,

పూచీ కావాలని ముందే చెప్పొద్దూ? బేకరీ ఆయన, పళ్ళ డాక్టరు, రిటైరైన హెడ్మాస్టరు గారు నేను మంచివాణ్ణని రాసి సంతకాలు పెట్టారు. సైట్‌లో పెట్టాను. అయినా అదే మాట. ఇంతకీ మీ పెద్దలకు పూచీ ఎవరు?

మామయ్య

తా.క. పక్క మందుల షాపావిడ సంతకం పెట్టలేదు. ‘మీ గురించి నేను కాగితం మీద రాసివ్వాలా’ అంది. కోపమొచ్చిందేమో.

*

మామయ్యకు నమస్కారాలు.

పెద్దలు తమకు తామే సంతకం చేసుకుంటారు. బ్రౌజరు చేసేవాళ్ళు వాళ్ళని గట్టిగా తనిఖీ చేసి జాబితాలో పెడతారు. నువ్వు మాత్రం ఏ ప్రయోగాలూ చెయ్యకు.

బుజ్జి

*

చిరంజీవి బుజ్జికి,

నీ సలహా అమోఘం. నేనూ నాకు నేనే సంతకం చేసుకున్నాను. మొదట బ్రౌజరు ఇంకా భయపెట్టింది. అప్పుడు కంప్యూటర్లు రిపేరు చేసే ఆయన మా వీధిలో అందరి కంప్యూటర్లలోనూ ఆ పెద్దల జాబితాలో నా పేరు ఎక్కించేశాడు. ఇక ఎవరికీ ఏ హెచ్చరికా లేదు. కడుపునిండా తిన్నాను.

మామయ్య

తా.క. ఆ సంతకం చేసే రహస్య తాళంచెవి ఏదో ఉందట. మరిచిపోకుండా షాపు కంప్యూటర్లో తెర మధ్యలోనే పెట్టాను.

*

మామయ్యా,

ఇప్పుడు నాకు అన్నం సహించడం లేదు. ఆ తాళంచెవి ఎవడి చేతిలోనన్నా పడితే, నీ సంతకం వాడే పెట్టేసి ఏ బ్యాంకు పేరుతోనైనా దొంగ సైట్ పెట్టి మీ వీధికి చూపించొచ్చు. మీ కంప్యూటర్లు నోరెత్తవు. వెంటనే ఇల్లిల్లూ తిరిగి నీ పేరు తీయించు.

బుజ్జి

*

చిరంజీవి బుజ్జికి,

నీ ఉత్తరం చదివాక గానీ నాకు అర్థం కాలేదు. వీధిలో ప్రతి తలుపూ తెరిచే చెవి చేసి గుమ్మానికి తగిలించానన్నమాట. రిపేరు ఆయన్ని వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ‘దయచేసి నన్ను నమ్మడం మానెయ్యండి’ అని బతిమాలాను. బేకరీ ఆయన ఆ రోజే తన తాళం మార్పించుకున్నాడు, నాచేతే. షాపు కంప్యూటర్లోని ఆ రహస్య తాళంచెవి చెరిపించాను. సైట్ చేసినాయన అసలు సర్టిఫికెట్ తెప్పించాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

చివరికి మందుల షాపుకి వెళ్ళాను. ‘కంప్యూటర్లోంచి తీసేసుకోండి. నేను మాత్రం మానను’ అంది. ఆవిడ అన్నది కంప్యూటరు సంగతి కాదని నాకు తట్టేసరికి ఆవిడ ఇచ్చిన టీ చల్లారిపోయింది. వచ్చే నెల రిజిస్ట్రారు ఆఫీసులో మా పెళ్ళి. మీ అమ్మ నా మాట చచ్చినా నమ్మదు, నీ మాటైతే వింటుంది. మందుల షాపావిడ చాలా మంచిదని నువ్వు చెప్పు.

మామయ్య

తా.క. ఆవిణ్ణి నువ్వెప్పుడూ చూడలేదంటావా? నేను చెప్తున్నానుగా.