దొడ్లో గోపాలుడి శ్రుతి

1953 ఫిబ్రవరి 3, మంగళవారం

అన్న సౌకార్‌పేట పాత సామాన్ల కొట్టునుంచి మోసుకొచ్చాడు! యుద్ధంలో మందుపాతరలు వెతికిన యంత్రం. పొడుగాటి కర్ర, చివర పెనమంత పళ్లెం, భుజానికి బ్యాటరీ పెట్టె, చెవులకు హెడ్‌ఫోన్లు. రేడియోలు రిపేరు చేసే చెయ్యి కదా, మధ్యాహ్నానికల్లా పలికించాడు. "నేలలో ఇనుముందో ఇత్తడుందో చెప్తాదంట. నాకైతే అంతా తేనెటీగల రొదే. సంగీతం టీచరమ్మవి, నువ్వు ఇను."

విన్నాను. ఒకటే స్వరం, ఆగకుండా... తంబురా శ్రుతి పట్టినట్టు.

ఫిబ్రవరి 4

దొడ్డి అమ్మేశాం. పదహారో తేదీ సోమవారం, పక్క మిరపకాయల గోడౌను వాళ్లు సిమెంటు గచ్చు పోయిస్తారు. ఈలోగా గోపాలుడు దొరకాలి. అదే యుద్ధంలో, బాంబుల భయానికి పట్నం వదిలి నెల్లూరికి పారిపోయే ముందు, ఆ పంచలోహ విగ్రహాన్ని నాయన ఒక్కడే పాతిపెట్టాడు. ఎక్కడో చెప్పకుండానే ఆ ఊళ్లో పోయాడు. పదకొండేళ్లుగా అవ్వ ఖాళీ పీటకే నైవేద్యం పెడుతోంది. ఇప్పుడు చూపు కూడా లేదు. ఆమెకు మాత్రం చెప్పకూడదని ఒట్టు — దొరక్కపోతే తట్టుకోలేదు.

ఫిబ్రవరి 5

సాధన. నేను కళ్లు మూసుకుంటాను, అన్న పళ్లెం కింద ఏదో ఒకటి పెడతాడు. ఇనప మేకు — స్వరం కిందికి జారుతుంది, అలిగినట్టు. ఇత్తడి గ్లాసు — పైకి! షడ్జమం రిషభం వైపు పాకుతుంది. వయొలిన్ తీగ బిగించేటప్పుడు వినపడే పాకుడే ఇది. ఒక్కటి తప్ప అన్నీ చెప్పేశాను. అన్న నోరు తెరిచాడు.

ఫిబ్రవరి 6

దొడ్డంతా ఇత్తడే! ఎక్కడ అడుగేసినా స్వరం పైకి. ఎగిరి గంతులేశాను. తీరా చూస్తే నా వెండి పట్టీలు. అన్న నవ్వీ నవ్వీ బావి గట్టుమీద కూలబడ్డాడు. ఛీ. పట్టీలు తీసి గూట్లో పెట్టాను.

ఫిబ్రవరి 8, ఆదివారం

మళ్లీ మోసపోయా. జోరుగా పైకి లేచింది, తవ్వితే తుప్పుపట్టిన కిరసనాయిలు డబ్బా మూత. రేకు పలచగా ఉంటే ఇనుమూ ఇత్తడిలాగే పలుకుతుంది, దొంగముండ!

కానీ తేడా పట్టేశాను. పళ్లెం జానెడు పైకెత్తితే రేకు స్వరం గరగరమని చెదిరిపోతుంది. ఇత్తడి గొంతు సన్నబడుతుందే గానీ విరగదు. ఎవరూ చెప్పలేదు, నా చెవే చెప్పింది. ఎంత గర్వంగా ఉందో!

ఫిబ్రవరి 11

దేవుణ్ణి ఈశాన్యంలో గాక ఎక్కడ పెడతాడు నాయన? ఇంటి ఈశాన్యం మూల... స్వచ్ఛమైన స్వరం. ఎత్తినా విరగలేదు. అన్న గడ్డపార వేశాడు. చాలా లోతున రాగి చెంబు మూతి కనిపించింది — "చెంబు! రాగి చెంబు!" అని కేక పెట్టాను. ఆ కేకకు అవ్వ గోడ పట్టుకుంటూ వచ్చేసింది.

"ఈశాన్యంలో గడ్డపార ఏందిరా? మీ తాత శంకుస్థాపనకు పెట్టిన చెంబురా అది! నవధాన్యాలు, పంచలోహాలు... ఇంటి ప్రాణాన్నే తవ్వతా ఉండారే పాపిష్టోళ్లారా! మూయండి, సీక్రం!"

మూశాం. పసుపునీళ్లు చల్లి, కొబ్బరికాయ కొట్టి, లెంపలేసుకున్నాం. ఎందుకు తవ్వామో చెప్పక తప్పలేదు. అవ్వ ఇంకేమీ తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని, "దొరకతాడా అమ్మా?" అంది.



ఫిబ్రవరి 12

గంటకోసారి — "దొరికినాడా?"

ఫిబ్రవరి 14

అవ్వ బుర్రే బుర్ర! "మీ నాయన దేవుడి మింద కాలు పడనిస్తాడా? మనుషులు నడిచే కాడ ఏల వెతకతారు? కాలు పడని తావు చూడండి." నిజమే కదా! ఎన్ని రోజులు పాడుచేశాం... ప్రహరీగోడకూ కరివేపాకు చెట్టుకూ మధ్య సందు. పిల్లి తప్ప ఎవరూ దూరరు. రేపు.

ఫిబ్రవరి 15, ఆదివారం, సాయంత్రం

ఉంది! ఉంది!

సందులోకి పళ్లెం ఏటవాలుగా దూర్చాను. స్వరం మెల్లగా లేచింది, రిషభం దాటి ఇంకా పైకి... ఎత్తితే సన్నబడింది, విరగలేదు. పక్కకు జరిపితే దిగిపోయింది. జానెడు మేర, అంతే. పైనంతా చెట్టు వేర్లు, గడ్డపార దిగడంలేదు. అన్న తెలిసినవాళ్ల దగ్గర గొడ్డలి అడిగి తేవడానికి తిరువొత్తియూరు వెళ్లాడు. గచ్చు పోసే మేస్త్రీలు రేపు పొద్దున ఎనిమిదికి వస్తారు.

తవ్వేదాకా అవ్వకు చెప్పొద్దనుకున్నాను. నా ఊపిరి విని కనిపెట్టేసింది. "నా చెవులకు పెట్టవే." పెట్టాను. తెలుసు, బ్యాటరీ పొదుపు చేయాలి... అయినా పెట్టాను.

అవ్వ హెడ్‌ఫోన్లను రెండు చేతులతో చెవులకు అదుముకుంది. తర్వాత, "ఆడనే ఉండాడే! ఎంత సన్నంగా పిలస్తా ఉండాడో నా బిడ్డ!"

ఇత్తడి చెంబైనా ఇలాగే పలుకుతుంది అవ్వా. నాయన గిన్నెలు కూడా పాతాడేమో అవ్వా. నోటిదాకా వచ్చింది, అనలేకపోయాను.

హెడ్‌ఫోన్లు తియ్యనంటోంది. పీట వేసి కూర్చోబెట్టి, పళ్లెం కదలకుండా కర్రను గోడకు ఆనించి, వంటింటి గడపలో ఇది రాస్తున్నాను. అవ్వ ఆ చెట్టుకేసి వంగి మాట్లాడుతూనే ఉంది — "ఒంటిగా బయపడినావా నాయనా?"