నా నోటికి రాని అండీ

ఆదివారం, పెదపాడు

ఒళ్లు మండిపోతోంది. నాన్న మీద అనుకుంటూ డైరీ తెరిచాను గానీ, కాదు.

జర్మనీలో రెండేళ్ల చదువు నన్ను మార్చేసిందని ఎంత మురిసిపోయాను! అక్కడ హాస్టల్లో నా వంతు వచ్చినప్పుడల్లా బాత్‌రూమ్‌లు కడిగాను. రోజూ పొద్దున్నే ధ్యానంలో కూర్చుని, అందరిలో ఉన్నది ఒకే దేవుడని నిజంగానే నమ్మాను.

సెలవులకి వచ్చానని నాన్న ఇవాళ కొల్లేరు తీసుకెళ్లారు. పడవ నడిపే ముసలాయన్ని "ఒరేయ్, నెమ్మదిగా పోనీరా" అన్నారు. నాకు కోపం ఆగలేదు.

"ఆయన మీకన్నా పెద్దవారు నాన్నగారూ. అండీ అంటే మీ సొమ్మేం పోతుంది?" అని ఆ ముసలాయన ముందే దులిపేశాను. నేనేదో గెలిచినట్టు కూర్చున్నాను.

ఒడ్డు దగ్గరంతా బురదగా ఉంది. ముసలాయన నాకు చెయ్యి అందించి, "జారుద్దండి, పట్టుకోండి అమ్మాయిగారూ" అన్నారు.

"అక్కర్లేదు, నువ్వు తప్పుకో" అన్నాను. ఎంత సులువుగా వచ్చేసిందో నా నోటికి!

నాన్న గొంతు సవరించుకున్నారు. ముసలాయన మాత్రం పక్కకి జరిగి, "అలాగేనండి" అన్నారు.