పాట మధ్యలో పేరు

చిరంజీవి తమ్ముడు ఎవెలియోకి, అక్క ఎడిల్మా దీవించి రాస్తున్నది.

ఇక్కడ నాన్నా నేనూ క్షేమం. బర్రాంకియా పట్నంలో నువ్వు క్షేమమని రేడియో నీ పాటలు వేస్తూ పొద్దస్తమానం చెబుతూనే ఉంది కాబట్టి ప్రత్యేకంగా అడగను.

నాన్న మోకాళ్ల గురించి అడిగావు. వానలు మొదలయ్యాక నొప్పి ఎక్కువైంది. అయినా సాయంత్రాలు అకార్డియన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. వేళ్లు సాగవు, తిత్తి మాత్రం తెరుస్తాడు, మూస్తాడు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిచెవి దగ్గర గట్టిగా మాట్లాడితే వినిపిస్తుంది. నువ్వు పంపిన చొక్కా వదులైతే నేనే కుట్టి సరిచేశాను.

ఊరి ఉత్సవంలో నాన్నను వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టి ఆయన కట్టిన పాట పాడతానని రాశావు. రేడియోలో ఆ పాట విని నాన్న ఏమన్నాడని పోయిన ఉత్తరంలోనూ అడిగావు, ఇప్పుడూ అడిగావు. ఇన్నాళ్లూ దాటేశాను. ఇక దాచను.

ఆ పాట నాన్న వినడానికి ముందురోజే నేను నికొలాసా కొట్లో విన్నాను. దోన్ ఫెర్మీన్ కంచె జరిపి మన ఏటిగట్టు పొలం కలిపేసుకున్న ఏడాది, నాన్న తిండి సయించక కట్టిన పాట అది. నీ గొంతు బాగుంది, కాదనను. కంచె చరణం అయిపోయి అకార్డియన్ ఒక్కటే మోగుతోంది. మన పాటగాళ్లు తమవాళ్ల పేరు కేకేసే చోటు అదే కదా. అక్కడ నాన్న పేరే పిలుస్తానని చిన్నప్పుడే మాటిచ్చినవాడివి. ఊపిరి బిగపట్టి విన్నాను. నువ్వు పిలిచావు: "పెద్ద మనసున్న మా అన్న, దోన్ ఫెర్మీన్‌కి!"

నికొలాసా తూకం ఆపి నావైపు చూసింది.

"ఏమే ఎడిల్మా, మీవాడికి కొత్తగా అన్న పుట్టుకొచ్చాడే! పాపం మీ అమ్మ బతికుంటే, ఈ కాన్పు నాకెప్పుడయిందని అడిగేది."

కొట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేను సరుకులు అక్కడే వదిలేసి వచ్చేశాను. రికార్డు ఖర్చంతా ఆ దోన్ ఫెర్మీనే భరించాడని నువ్వే రాశావు. అలాంటివాళ్ల పేరు పిలవడం మన దగ్గర కొత్తేమీ కాదు. కానీ దానికి నీకు ఇంకో పాట దొరకలేదా? ఆ చరణం పక్కనే పిలవాలా? నీకు సిగ్గెలా లేకపోయిందిరా?

మర్నాడు నాన్న స్నానం చేసి, నీ చొక్కా తొడుక్కుని, రేడియో ముందు కూర్చున్నాడు. "మావాడు నా పేరు కేకేస్తాడు, వినండి" అని వీధివాళ్లను పిలిచి అందరికీ కాఫీ పోయించాడు. నేను కుడిచెవి పక్కన చేరాను. ఆ చోటు రాగానే, రేడియోలో పేరు వినబడకుండా చప్పట్లు చరుస్తూ చెవిలో అరిచాను: "మా నాన్న నొలాస్కోకి!" వీధివాళ్లు తలలు దించుకున్నారు. నాన్న నవ్వి నా చెయ్యి నిమిరాడు. గండం గట్టెక్కిందనుకున్నాను.

నిన్న నీ ఉత్తరం చదివి వినిపించాను. కుర్చీ సంగతి విన్నాక నాన్న అకార్డియన్ పక్కన పెట్టేశాడు.

"నేను రానని రాసెయ్."

"అదేంటి నాన్నా, నీ పాట కదా!"

"నువ్వు పుట్టినప్పట్నించీ వింటున్నానే పిచ్చిదానా. నీ గొంతు నాకు తెలీదా?"

 "నాలుగు తిట్లు తిట్టు నాన్నా, ఉన్నవున్నట్టు రాసి పంపిస్తాను" అన్నాను.

"తిట్టడం దేనికి? పాట మధ్యలో ఎవరి పేరు పిలుస్తారే? సొంతవాళ్ల పేరేగా. వాడు సరిగ్గానే పిలిచాడు."

అదీ నువ్వడిగిన ప్రశ్నకు జవాబు. కుర్చీ వేయించుకో, అందులో నీ అన్నను కూర్చోబెట్టుకో. ఆ రోజు మా ఇంటి తలుపు వేసి ఉంటుంది. వచ్చి తట్టకు.

ఇట్లు,
నిన్ను ఎత్తుకుని పెంచిన
నొలాస్కో కూతురు,
ఎడిల్మా