లాగి వదిలే గీత

హిందూపురం
4 జనవరి 1965

ప్రియమైన దానియేలుకు,

నీ గోవిందప్ప రాయునది. బెల్లం మండీలో కూర్చుని తూకానికీ తూకానికీ మధ్య రాస్తున్నాను. కాగితం వేళ్ళకు అంటుకుంటే తప్పు నాది కాదు, బెల్లానిది. ఆదెమ్మ వదినె ఎలా ఉంది? ముప్పై ఏళ్ళు రైల్వేలో తంతి కొట్టిన చేతికి ఊరికే కూర్చోవడం అలవాటయిందా?

అసలు సంగతి చెబుతాను. మనలాంటి రేడియో పిచ్చివాళ్ళకు, దేశం మొత్తానికీ కలిపి, కొత్త సంఘం ఒకటి పెడుతున్నాము. నగరాల్లో ఉన్నవాళ్ళకు పది మంది తోడు దొరుకుతారు. చిన్న ఊళ్ళలో అటక మీద సొంత సెట్టు కట్టుకుని, చుక్కలూ గీతలూ కొట్టి ఎక్కడెక్కడి వాళ్ళనో పలకరించేవాడికి ఎవరున్నారు? లైసెన్సు పరీక్షకు ఏం చదవాలో చెప్పేవాడు లేడు. మోర్సు నేర్పేవాడు అసలే లేడు. ఆ పని మన సంఘం చెయ్యాలి.

రిజిస్టరు చెయ్యడానికి ఏడుగురి సంతకాలు కావాలి. బెంగుళూరు, మద్రాసు, నాగపూరు, కలకత్తా నుంచి ఒక్కొక్కరు ఒప్పుకున్నారు. నేను ఐదోవాణ్ణి. ఆరోవాణ్ణి వెతుకుతున్నాను. ఏడోవాడివి నువ్వే, కార్యదర్శివి కూడా నువ్వే. మార్చి నెలాఖరులోపల కాగితాలు దాఖలు కాకపోతే తన పేరు తీసెయ్యమని కలకత్తా పెద్దాయన కచ్చితంగా చెప్పాడు. మొదలవకముందే పోయిన సంఘాలు ఆయన రెండు చూశాడట. నాగపూరాయన "దానియేలు ఉంటేనే నేను" అని రాశాడు. నీ ముఖం చూడలేదు గానీ, గాలిలో నీ చెయ్యి వినని రోజు లేదట ఒకప్పుడు.

మా అక్క యల్లక్క విని నవ్వింది. "తాను దూర కంత లేదు, మెడకో డోలంట. మండీలో తూకమే సరిగ్గా సూసుకోవు, దేశానికంతా సంఘం పెడతాండావా?" అంది. అందుకైనా పెట్టి తీరాలి. వెంటనే రాయి.

నీ స్నేహితుడు
గోవిందప్ప


ధర్మవరం
19 జనవరి 1965

ప్రియమైన గోవిందప్పకు,

ఉత్తరం అందింది. సంఘం మంచిదే, పెట్టు. నా పేరు మాత్రం వద్దు.

ఇక్కడ అందరం బాగున్నాము. కొళాయి రెండు రోజులకొకసారి వస్తోంది. పక్కింటి మగ్గం పొద్దున ఆరింటికి మొదలవుతుంది. అన్నం తింటున్నాను. కూరలో ఉప్పు లేదని ఆదెమ్మ చెబితే గానీ నాకు తెలియడం లేదు. పంపే సెట్టు మీద దుప్పటి కప్పి ఉంచాను. వినే సెట్టు ఒకటే వాడుతున్నాను.

మా అబ్బాయి దేవదాసు పటాలం నుంచి కొత్త కబురేమీ లేదు. అరవై రెండు నవంబరులో, చైనా యుద్ధమప్పుడు, "కనపడటం లేదు" అని తంతి, వెనకే పై అధికారి ఉత్తరం, అవే ఆఖరు. వాడి పేరున జ్ఞాపకార్థ కూడిక పెడదామని పాస్టరయ్య మళ్ళీ వచ్చాడు. ఆదెమ్మ గుమ్మంలోనే నిలబెట్టి, "బతికుండే వానికి కూడిక ఏంటికయ్యా?" అని పంపేసింది. ఆయన గొడుగు మరిచిపోయి వెళ్ళాడు. అది ఇంకా ఇక్కడే ఉంది.

నీ
దానియేలు


హిందూపురం
2 ఫిబ్రవరి 1965

ప్రియమైన దానియేలూ,

నీ ఉత్తరం చదివితే రైల్వే నోటీసు చదివినట్టుంది. తిట్టి ఉంటే సంతోషించేవాణ్ణి.

కోపం తెచ్చుకోకుండా విను. దేవదాసును నేనూ ఎత్తుకుని తిరిగాను. వాడు కనపడకుండా పోయి రెండేళ్ళు దాటింది. వాడితో ఉన్నవాళ్ళు మంచులో ఎవరూ మిగల్లేదని వాడి పై అధికారి నీకు రాసిన ఉత్తరం నువ్వే నాకు చదివి వినిపించావు. ఆ రోజు నువ్వు ఏడ్చావు, నేనూ ఏడ్చాను. వదినె కూడా అప్పట్లో నమ్మింది కదా, బొట్లు బొట్లుగా కన్నీళ్ళు కార్చింది కదా. ఇప్పుడు "బతికుండే వాడు" అంటోందంటే మధ్యలో ఏదో జరిగింది. ఏం జరిగింది? సంఘం సంగతి పక్కన పెట్టు. ఇది చెప్పు.

నీ
గోవిందప్ప


ధర్మవరం
15 ఫిబ్రవరి 1965

ప్రియమైన గోవిందప్పకు,

అడిగావు కాబట్టి చెబుతున్నాను. నిరుడు జూన్‌లో ఒక మధ్యాహ్నం వినే సెట్టు దగ్గర కూర్చున్నాను. మూడు దాటింది. గరగరలో చాలా పల్చగా ఎవరో పిలుస్తున్నారు. పేరూ ఊరూ అందలేదు. కానీ చెయ్యి అందింది. మనిషి గొంతును బట్టి నువ్వు మనిషిని పోలుస్తావు, నేను మోర్సు కొట్టే కీ మీద చేతిని బట్టి పోలుస్తాను. ఈ చేతిని నేను పదేళ్ళు పక్కన కూర్చుని విన్నాను. మాట ముగిసే చోట ఆఖరి గీతను కొంచెం లాగి వదులుతుంది. అది దేవదాసు చెయ్యి.

అంత పల్చగా ఉందంటే చాలా దూరం నుంచి వస్తోందనుకున్నాను. ఎక్కడో చిక్కుకుని, దొరికిన సెట్టుతో పిలుస్తున్నాడనుకున్నాను. లేచి వెళ్ళి ఆదెమ్మకు చెప్పాను. వంటింట్లో చేతిలోని చేట కింద పెట్టి, "నిజంగా విన్యావా?" అని ఒక్కసారే అడిగింది. విన్నానన్నాను. ఇంక అడగలేదు. ఆ రోజు నుంచి ఆమె ఏడవలేదు.

ఆ తర్వాత ఇంకో మూడుసార్లు విన్నాను, అప్పుడూ పేరు అందలేదు. అందుకే రోజూ మూడింటికి కూర్చుంటాను. నేను కీ కొడుతున్నంతసేపు వినలేను కదా, అందుకే పంపే సెట్టు ముట్టుకోను. కార్యదర్శినైతే హిందూపురం రావాలి, ఊళ్ళు తిరగాలి. నేను లేని రోజున వాడు పిలిస్తే? నీ సంఘానికి వేరే మనిషిని చూసుకో.

నాకు ఏడుపు రాదు, సంతోషమూ రాదు. మూడింటికి కూర్చుంటాను, ఐదింటికి లేస్తాను.

దానియేలు


హిందూపురం
27 ఫిబ్రవరి 1965

ప్రియమైన దానియేలుకు,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించాను. యల్లక్క చూసి, "రాయకపోతే నువ్వు వాని స్నేహితుడివి ఎట్లయితావు?" అంది. అందుకని రాస్తున్నాను.

సంఘానికి ఆరో మనిషి దొరికాడు. పెనుకొండలో తాలూకా కచేరీ గుమాస్తా. పేరు ఈరన్న. మీ రైల్వే క్వార్టర్స్‌లో పాయింట్స్‌మన్ ఎర్రప్ప ఉండేవాడే, ఆయన కొడుకు. చిన్నప్పుడు నీ దగ్గరే దేవదాసుతో కలిసి మోర్సు నేర్చుకున్నాడట. ఎర్రప్పకు బదిలీ అయి వెళ్ళిపోయాక నీకు మళ్ళీ కనపడలేదు. నిరుడు మే నెలలో లైసెన్సు వచ్చింది. కచేరీలో పని తేలికగా ఉన్న రోజుల్లో మధ్యాహ్నం మూడు ప్రాంతంలో భోజనానికి ఇంటికి వచ్చి, కాసేపు పిలిచి మళ్ళీ పోతాడట.

మొన్న శనివారం మండీకి వచ్చాడు. మేడ మీద నా సెట్టు దగ్గర కూర్చోబెట్టి, కొంచెం కొట్టమన్నాను. నేను కిటికీలోంచి బండ్లను చూస్తూ వింటున్నాను. ఒక నిమిషం అయ్యాక వెనక్కి తిరిగి చూడాల్సి వచ్చింది. అక్కడ కూర్చున్నది నువ్వేననుకున్నాను. మాట ముగిసే చోట ఆఖరి గీతను లాగి వదులుతాడు.

ఇంతకంటే నేనేమీ రాయను. నువ్వే వెళ్ళి విను. పెనుకొండ నీకు ఎంత దూరమని.

నన్ను క్షమించు.

గోవిందప్ప


హిందూపురం
16 మార్చి 1965

ప్రియమైన దానియేలుకు,

కార్డు మీద రాస్తున్నాను, అందరూ చదివినా పరవాలేదు. జవాబు లేదు. సంఘం లేకపోయినా నాకు చింత లేదు. నువ్వు క్షేమంగా ఉన్నానని ఒక్క ముక్క రాయి.

గోవిందప్ప


ధర్మవరం
27 మార్చి 1965

ప్రియమైన గోవిందప్పకు,

క్షేమంగానే ఉన్నాను. నీ మీద కోపం లేదు. రాయడానికి ఏమీ లేక రాయలేదు.

నీ ఉత్తరం వచ్చాక ఎనిమిది రోజులు అది జేబులోనే ఉంది. మూడింటికి కూర్చోవడం మాత్రం మానలేదు. తొమ్మిదో రోజు పాసింజరెక్కి పెనుకొండ వెళ్ళాను. ఈరన్న నన్ను చూసి కాళ్ళకు దండం పెట్టాడు. పెళ్ళయింది, మీసం పెంచాడు. ఏమీ చెప్పకుండా కీ కొట్టమన్నాను. రెండు మాటలు కొట్టేలోపలే తెలిసిపోయింది. జూన్‌లో నేను విన్నది వాణ్ణే. దగ్గరి ఊరి నుంచి వచ్చే పిలుపు మన తల మీదుగా దాటిపోయి, మనకు పల్చగా అందుతుందని ముప్పై మందికి పాఠం చెప్పినవాణ్ణి నేను. ఆ రోజు ఆ పాఠం నాకు గుర్తు రాలేదు.

"ఆఖరి గీత ఏంటికి లాగుతాండావురా?" అని అడిగాను. "మీరు అట్లనే కదా సార్ నేర్పిచ్చినారు. అదే పద్ధతి అనుకుంటిమి, నేనూ దేవదాసూ" అన్నాడు.

పద్ధతీ కాదు, పాడూ కాదు. పంతొమ్మిది వందల ముప్పై ఆరులో ట్రాలీ చక్రం కింద పడిన నా చూపుడు వేలు సరిగా వంగదు. కీ మీద నుంచి తియ్యడం ఒక క్షణం ఆలస్యమవుతుంది. దాన్నే ఇద్దరు పిల్లలూ విద్య అనుకుని నేర్చుకున్నారు. నేనెప్పుడూ గమనించలేదు. నా తప్పు నా చెవికి తప్పుగా వినపడదు కదా.

ఇంటికి వచ్చాను. ఆరు రోజులు ఆదెమ్మకు చెప్పలేదు. ఏడో రోజు పప్పు తిరగమాత పెడుతుంటే వెనక నిలబడి, చెప్పాల్సిందంతా చెప్పాను. పప్పు దించింది. "ఆ పిల్లోన్ని ఒకతూరి పిల్చకరా. నేనూ వింటా" అంది. ఆమెకు మోర్సు రాదు. ఎందుకని నేను అడగలేదు.

పోయిన ఆదివారం ఈరన్న వచ్చాడు. పంపే సెట్టు మీది దుప్పటి తీశాను. ఆదెమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఏం కొట్టమంటారని వాడు అడిగాడు. "వాని పేరు కొట్టు నాయనా" అంది. వాడు దేవదాసు అని కొట్టాడు. ఇంకోసారి కొట్టమంది. మూడుసార్లు కొట్టించుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇది వాని చెయ్యి కాదు, నీదే. ముప్పై ఏండ్లు స్టేషన్‌లోనూ ఇంట్లోనూ వినలేదా నేను? ఇన్ని దినాలూ నువ్వు విన్యది నిన్నే" అంది.

నేను తల ఊపాను.

"మరి వానిది ఎట్లుండె?" అని అడిగింది.

గోవిందప్పా, పదేళ్ళు పక్కన కూర్చుని విన్నానని నీకు రాశాను. నేను విన్నది వాడు నాలాగా కొడుతున్నాడా లేదా అని మాత్రమే. నాలాగా లేని చోటల్లా ఆపి దిద్దాను. వాడిది అంటూ ఏముండేదో అదంతా దిద్దేశాను. ఈరన్న కీ మీద నుంచి చెయ్యి తీశాడు. ఆదెమ్మ పీట జరిపి లేచి, "సరే, లేండి, అన్నం తిందాం" అంది. వాడికి తానే వడ్డించింది. తినేటప్పుడు నన్ను చూడకుండానే, "పాస్టరయ్యకు చెప్పిరా" అంది. చెప్పి వచ్చాను.

ఆ సాయంత్రం ఆమె ఏడ్చింది. నాకు ఇంకా రాలేదు. వస్తుందేమోనని చూస్తున్నాను.

ఈరన్న తెచ్చిన సంఘం కాగితం ఇందులో పెట్టాను, సంతకం చేశాను. ఈరన్న పేరు కింద నా పేరు ఉంది. నెలాఖరులోపల నీకు అందుతుంది, దాఖలు చెయ్యి. కార్యదర్శి పనీ చేస్తాను, మధ్యాహ్నాలు నాకిప్పుడు ఖాళీ. మోర్సు మాత్రం నన్ను నేర్పమని అడగవద్దు. ఈరన్నను పెట్టు. పిల్లలు ఎవరికి వచ్చినట్టు వాళ్ళు కొడితే దిద్దవద్దని వాడికి చెప్పాను. అక్షరం అర్థమైతే చాలు.

ఏప్రిల్ నాలుగు, ఆదివారం, మధ్యాహ్నం మూడింటికి పాస్టరయ్య గుడిలో దేవదాసు కూడిక. యల్లక్కను తీసుకుని రా. ఇద్దరూ ఇక్కడే భోంచేద్దురు, ఆదెమ్మ చెప్పమంది.

నీ
దానియేలు