సముద్రపు గాలికి పన్నెండు పతంగులు

బాపట్ల,
నవంబర్ 18, 2023

ప్రియమైన మజహర్ భాయ్‌కి,

ఫోన్ చేస్తే నా గొంతు నీ చెవులకు అందదు, పక్కవాళ్ళ చెవులకు మాత్రం చిల్లులు పడతాయి. అందుకే ఈ ఉత్తరం. నేను వంట చేసే లాడ్జి ముందే, సముద్రం ఒడ్డున, జనవరిలో పతంగుల పండుగ పెడుతున్నారు. ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారట. నేనూరుకుంటానా? "మా ఎల్లారెడ్డి మజహర్ పతంగి జేసిండంటే దాని ముందు ఇంకోటి నిలుస్తదా?" అని లాడ్జిలో అందరి ముందూ అనేశాను. నోరు జారింది కాబట్టి ఒకటి చేసి పంపు. నువ్వు పతంగులు మానేసి అలిగి కూర్చున్నావని కామారెడ్డి నుంచి నా భార్య గంగమణి చెప్పింది. నిజమేనా?

నీ బాలమల్లు

ఎల్లారెడ్డి,
జనవరి 5, 2024

ప్రియమైన బాలమల్లూ,

అలగలేదురా, అడిగేవాళ్ళు లేక మానేశాను. బజారంతా ప్లాస్టిక్ పతంగులే. నీ ఉత్తరం చూశాక అటక మీది వెదురు దించాను. మీ వదిన షంషున్నీసా "ముసలోనికి మళ్ళ పిచ్చి లేసింది" అని తిడుతూనే జిగురుకు పిండి ఉడికించింది. బద్దలను గడ్డిపరకల్లా సన్నగా చెక్కాను. ఆకు కదలని రోజున కూడా మా డాబా మీద పతంగి లేచి నిలబడింది. గంగమణి నీ దగ్గరికి బయలుదేరుతోందని తెలిసి, కామారెడ్డి వెళ్ళి ఆమె చేతికే ఇచ్చాను.

అక్కడే ఒక ఫంక్షన్ హాలులో నన్ను కాపలా పనికి రమ్మంటున్నారు. కొన్నాళ్ళు ఆగమన్నాను. నా పతంగి సముద్రం మీద ఎగిరిందంటే ఈ పని వదలను. ఎలా ఎగిరిందో వెంటనే రాయి.

ఎదురుచూస్తూ,
మజహర్

బాపట్ల,
జనవరి 17, 2024

ప్రియమైన మజహర్ భాయ్‌కి,

ఎగిరింది! జనం మెడలు నొప్పి పుట్టేదాకా పైకే చూశారు. మూడు పతంగులను కోసేసింది. చివరికి దారం తెగి సముద్రం మీదికి పోయింది, అందుకే తిప్పి పంపలేకపోతున్నాను. మా మేనేజర్ భీమేష్‌కు కూడా ఇదంతా వివరంగా చెప్పాను. "అంత పనిమంతుడా! వచ్చే ఏడు ఆయన్నే పిలవరాదూ" అన్నాడు. కాపలా పని నీకెందుకు, చెప్పు?

నీ బాలమల్లు

ఎల్లారెడ్డి,
డిసెంబర్ 20, 2024

ప్రియమైన బాలమల్లూ,

నీ ఉత్తరం షంషున్నీసాకు ఎన్నిసార్లు చదివి వినిపించానో లెక్కలేదు. ఫంక్షన్ హాలువాళ్ళకు రానని అప్పుడే చెప్పేశాను. పన్నెండు పతంగులు చేశాను. అన్నీ అదే కొలత, అవే సన్నని బద్దలు. కళ్ళు మసకబారుతున్నాయి, ఒక్కోదానికి దాదాపు నెల పట్టింది. ఈసారి నేనే తెస్తున్నాను. అక్కడివాళ్ళకు నచ్చి ఏటా చేసి పంపమంటే, మిగిలిన రోజులు నాకు తెలిసిన పనితోనే గడిచిపోతాయి. సముద్రాన్ని చూడటం కూడా ఇదే మొదలు.

వస్తున్న
మజహర్

బాపట్ల,
జనవరి 16, 2025

ప్రియమైన మజహర్ భాయ్‌కి,

అన్నం కూడా తినకుండా బస్సెక్కావు. పోయినేడు నీ పతంగి ఎగరలేదు. వదిలిన మరుక్షణమే నిలువు బద్ద విరిగింది. ఆ జనంలో ఎవరూ చూడలేదు కూడా. గంగమణి అన్నది, "ఉన్నదున్నట్టు రాయి, మజహరన్న ఏమన్న చిన్నపిల్లగాడా?" అని. నేను వినలేదు. ఎగరలేదని తెలిస్తే నువ్వు పని మానేసి కాపలాకు పోతావని భయపడ్డాను. నువ్వు వస్తున్నావని తెలిశాక నిజం రాసి, పంపలేక చింపేశాను. మూడుసార్లు.

పన్నెండూ నా కళ్ళ ముందే విరిగాయి. రెండోది విరగగానే ఆపమని నీ చెయ్యి పట్టుకున్నాను, విదిలించుకున్నావు. నా మీద కోపంతోనే అన్నీ విరగ్గొట్టావా? తిట్టినా సరే, జవాబు రాయి.

తప్పు చేసిన
బాలమల్లు

ఎల్లారెడ్డి,
ఫిబ్రవరి 2, 2025

ప్రియమైన బాలమల్లూ,

కోపం వచ్చింది. గుంటూరు దాటేదాకా నిన్ను తిట్టుకుంటూనే ఉన్నాను. విరిగిన ఆ బద్దను అప్పుడే నాకు పంపి ఉంటే, ఏడాదంతా కూర్చుని సరిచేసుకునేవాణ్ణి కదరా. ఇప్పుడు ఆ కాపలా పని ఇంకెవరికో ఇచ్చేశారు. సన్నపని చేయొద్దని కంటి డాక్టరు చెప్పాడు.

అయితే నువ్వు అడిగింది వేరు. మొదటిది విరిగిన చోటు చూడగానే నాకు తెలిసిపోయింది. మన ఎల్లారెడ్డి గాలికి చెక్కిన బద్ద ఆ సముద్రపు గాలికి ఆగదు, రెండింతలు లావుండాలి. నువ్వు రాసింది అబద్ధమని కూడా అప్పుడే తెలిసింది. మిగిలిన పదకొండూ మూటకట్టి ఇంటికి తీసుకుపోయి, కొత్త బద్దలు వేద్దామనుకున్నాను.

అప్పుడే మీ భీమేష్ అందరి ముందూ నవ్వుతూ, "ఏం బాలమల్లూ, పోయినేడు మూడింటిని కోసేసిందన్నావే, ఆ పతంగి ఇదేనా?" అన్నాడు. నువ్వు తల వంచుకున్నావు. "పోయినేడు గాలి తక్కువుండె సార్, ఇంకోటి ఎక్కిస్త సూడుండ్రి" అన్నాను నేను. పదకొండింటిలో ఒక్కటి లేచినా నీ మాట నిలబడుతుందని ఒక్కొక్కటే వదిలాను. విరుగుతాయని తెలిసే వదిలాను.

ఒక్కటీ లేవలేదు, బాలమల్లూ.

నీ
మజహర్