రేపటి పులుసు

ఆదివారం రాత్రి, బెడోక్, సింగపూర్

నేనూ రవీ విడిపోదామని అనుకోకముందు బుక్ చేసుకున్న ఫిషింగ్ ట్రిప్పు ఇది. మానేద్దామని ఇద్దరిలో ఎవరమూ అనలేదు, వెళ్ళాం.

పడవ నడిపే గైడ్ అంకుల్‌కి మా సంగతి ఏం తెలుసు? "స్లోలీ లా మేడమ్, లైన్ వెరీ థిన్. సార్, హెల్ప్ యువర్ వైఫ్" అన్నాడు. రవి వెనక నుంచి నా గేలం పట్టుకున్నాడు. ఆ చెయ్యి తగిలి ఎన్ని నెలలైందో. పండుగప్ప పడింది.

ఇంటికొచ్చి అలవాటుగా పులుసు పెట్టేశాను. రవి గరిటెతో రుచి చూసి, "ఇప్పుడొద్దులే, రేపటికైతే ముక్కకి పులుసు బాగా పట్టుద్ది. రేపు తిందాం" అన్నాడు.

అనేసి, హాల్లో సర్దిపెట్టుకున్న తన అట్టపెట్టెల వైపు చూశాడు. పొద్దున్నే బుకిట్ బటోక్‌లో వేరే ఫ్లాట్‌కి వెళ్ళిపోతున్నాడు.

నేను సరేనని గిన్నె మీద మూత పెట్టాను. ఇద్దరం పెరుగన్నం తిన్నాం.