బామ్మ చిక్కిపోయింది

కృష్ణానగర్,
హైదరాబాదు.

పెద్దక్కకి సత్యవేణి నమస్కరించి రాసేది. ఇక్కడ నేను బాగున్నాను. మాట వరసకి రాయడం కాదక్కా, నిజంగానే బాగున్నాను. నువ్వూ, బావగారూ, పిల్లలూ కులాసాయేనా? నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? గేదె ఈనిందా, ఇంకా మారాం చేస్తోందా? ఇదంతా ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఫోన్లో నేనొకటంటే నువ్వు పదంటావు. కాగితం మీదైతే చివరిదాకా చెప్పనిస్తావు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. మా సందులో నీళ్ళు నిలబడితే చెప్పులు చేత్తో పట్టుకుని నడవాలి. మా సందు సంగతి నీకు తెలీదుగా, ఇడ్లీ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళలో సగం మంది హీరోలు, మిగతా సగం దర్శకులు. ఇంకా కాలేదు, అంతే. మొదట్లో వీళ్ళ మధ్య ఒంటరిగా అనిపించి ఏడుపొచ్చేది. ఇప్పుడు అందరూ "వేణక్కా" అంటున్నారు.

నాకు సీరియల్లో బామ్మ వేషం వచ్చిందని చెప్పాను కదా, ఎలా వచ్చిందో మాత్రం చెప్పలేదు. ఏజెంటు ప్రసాదుగారు నన్ను చూసి, "ఆహా, ఉబ్బిన ముఖం, కళ్ళ కింద సంచులు! మేకప్ ఖర్చు కూడా ఉండదమ్మా, అచ్చం బామ్మే" అన్నారు. నా వయసు నలభై మూడు! నవ్వాలో ఏడవాలో తెలియక దణ్ణం పెట్టి ఒప్పేసుకున్నాను. అప్పటిదాకా గుంపులో నిలబడ్డమే కదా, పేరున్న పాత్ర ఇదే మొదటిది.

ఆ ఉబ్బు ఎక్కడిదంటావా? తెల్లవారకముందే షూటింగ్ బండెక్కాలి, వండుకునే తీరికేదీ? పొద్దున్న వేణ్ణీళ్ళలో వేసుకునే నూడుల్స్, మధ్యాహ్నం క్రీము బిస్కెట్లు, సాయంత్రం మిక్చరూ, కూల్‌డ్రింకూ. ఓపిక లేని రోజున సూపు ప్యాకెట్టు. మూడో అంతస్తులో నా గదికి ఎక్కాలంటే మధ్యలో రెండుసార్లు కూలబడేదాన్ని. ఒకరోజు కళ్ళు తిరిగితే సందు చివర డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. బీపీ చూసి, ఏం తింటున్నానో అడిగి, తల పట్టుకుంది.

"ఎప్పుడో ఒకసారైతే ఫర్వాలేదమ్మా. మీరు వాటితోనే కడుపు నింపుకుంటున్నారు. అంత ఉప్పు తింటే ఒంట్లో నీరు చేరదూ? బీపీ ఇలాగే ఉంటే గుండే, కిడ్నీలూ మీకన్నా ముందే ముసలివైపోతాయి" అంది.

"అంటే మేకప్ లేకుండానే బామ్మనైపోతానా అండీ?" అన్నాను.

"అయిపోయారుగా!" అంది.

ఇంటికొచ్చి కళ్ళద్దాలు పెట్టుకుని ప్యాకెట్ల వెనక చదివాను. పరిషత్తు నాటకాల్లో పద్యాలు దంచిన నోరే, ఆ పేర్లు మాత్రం తిరగలేదు. రంగుకొకటి, రుచికొకటి, పాడవకుండా ఉండడానికొకటి. నూడుల్స్ పాడవకుండా ఉంటే చాలదక్కా, నేనూ పాడవకుండా ఉండాలిగా!

మా ఇంటి ఓనరు భాగ్యమ్మది ఇక్కడే పక్క జిల్లా. నన్ను చూసి, "ఏంది సత్యమ్మా, పైసలు పెట్టి బీమారి కొనుక్కుంటున్నవా? జొన్నరొట్టె చేసుడు నేర్పిస్త, జర గిట్ల కూసో" అంది. నేను తట్టిన మొదటి రొట్టె చూసి, "గిది రొట్టెనా, జల్లెడనా!" అని పడీపడీ నవ్వింది. ఇప్పుడు కాస్త గుండ్రంగానే వస్తోందిలే. రొట్టె, ఆకుకూర పప్పు, పొద్దున్నే మజ్జిగ పోసిన చద్దన్నం. డాక్టరమ్మ ఇచ్చిన బీపీ మాత్ర కూడా మానడం లేదు, కంగారుపడకు.

అసలు కథ ఇప్పుడు మొదలవుతుంది. హీరోయిన్ ఇంట్లో పెళ్ళని షూటింగ్‌కి నెల పైన విరామం వచ్చింది, నాకు ఈ రొట్టెలు చేసుకునే తీరిక దొరికింది అప్పుడే. ఆగిపోయేముందు తీసిన షాటులో, మనవరాలి మొగుడు ఇల్లు విడిచి పోయాడని బామ్మ ఏడుస్తూ దేవుడి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటుంది. మళ్ళీ మొదలెట్టిన రోజు తీయాల్సింది, బామ్మ తలుపు తెరుచుకుని బయటికి రావడం. జూబ్లీ హిల్స్‌లో అద్దెకి తీసుకున్న బంగళా అది. వంటగదే మన ఇల్లంత ఉంటుంది, వండేవాళ్ళే ఉండరు.

నేను తలుపు తీసుకుని వచ్చాను. దర్శకుడుగారు కట్ చెప్పడం మరిచిపోయి చూస్తున్నారు. పాత షాటుకీ కొత్త షాటుకీ పోలిక చూసే అసిస్టెంటు పిల్ల ఫోన్లో నా పాత ఫోటో తీసి, "సార్, లోపలికెళ్ళింది ఈవిడ కాదు సార్!" అంది. యూనిట్టంతా గొల్లుమంది. దర్శకుడుగారు మాత్రం నవ్వలేదు. "దీపం వెలిగించి వచ్చేలోగా బామ్మ ఇంత చిక్కిపోతే చూసేవాళ్ళు ఊరుకుంటారా?" అని ప్యాకప్ చెప్పేశారు.

ప్రసాదుగారు నన్ను పక్కకి పిలిచారు. "ఓ పది రోజులు మళ్ళీ ఆ నూడుల్సే తినండమ్మా, ఇంకాస్త ఉప్పేసుకుని. ముఖం అదే వచ్చేస్తుంది. లేదంటే వేరే ఆవిణ్ణి పెడతారు, తర్వాత నన్నేమీ అనొద్దు" అన్నారు.

నీకెందుకు దాచాలి, ఆశ పుట్టిందక్కా. ఈ వేషం పోతే మళ్ళీ గుంపులోకే కదా. వస్తూ వస్తూ రెండు ప్యాకెట్లు కొన్నాను. గది తాళం తీస్తుంటే తట్టింది, మెట్ల మీద ఎక్కడా ఆగలేదు, ఆయాసం రాలేదు! అక్కడే నిలబడి నవ్వుకున్నాను. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ ప్యాకెట్లు విప్పబుద్ధి కాలేదు.

మర్నాడు దర్శకుడుగారి ముందు నిలబడి, "ముఖం ఉబ్బించుకు రావడం నావల్ల కాదండీ. దాంతోపాటు గుండె కూడా పాడవుతుంది. కానీ ఒక్కమాట. తలుపేసుకోవడం దాకానే తీశారు. అది మళ్ళీ తెరుచుకుంది ఎప్పుడో ఎవరికి తెలుసు? మనవరాలి కాపురం నిలబడాలని బామ్మ మొక్కుకుని, నెల్లాళ్ళు ఒంటిపూట తిని చిక్కిపోయిందనుకోండి" అన్నాను. గొంతు పరిషత్తులో పలికినట్టే పలికింది.

ఆయన నన్నొకసారి, ఆ తలుపునొకసారి చూసి, "రైటర్‌ని పిలవండ్రా!" అని అరిచారు. హీరోయిన్ "ఇలా అయిపోయావేంటి బామ్మా?" అని పట్టుకుంటే నేను చెప్పిన మాటలకి లైట్‌బాయ్స్ చప్పట్లు కొట్టారు. వేషం నిలబడింది, డైలాగులు పెరిగాయి.

బావగారి చేత ఆ మిక్చరు మాన్పించు, నామీద ఒట్టు. ఎవరైనా ఇటు వస్తుంటే మామిడి ఒరుగులూ, మన మర పట్టించిన కారమూ పంపు. అత్తయ్యగారికి నా నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. ఒక్కదాన్నే ఉన్నానని బెంగపడకు, బాగా తింటున్నాను, బాగా నిద్రపోతున్నాను. పెద్దదానివి, నాలుగు కాలాలపాటు చల్లగా ఉండమని అక్కణ్ణించే దీవించు.

చెప్పడం మరిచాను. ఇప్పుడు నన్ను చూస్తే బామ్మలా లేనట! మేకప్ ఆవిడ విసుక్కుంటూ రోజూ పొద్దున్నే నా ముఖం మీద ముడతలు గీస్తోంది. సాయంత్రం కాగానే ఆ ముసలితనాన్ని కాస్త కొబ్బరినూనెతో తుడిచేసి, అక్కడే పారేసి ఇంటికొస్తున్నాను.

ఇట్లు,
నీ చెల్లెలు
సత్యవేణి